లాలా దీన్ దయాళ్

లాలా దీన్ దయాళ్ (1844 - 1905 జూలై 5) 19వ శతాబ్దపు భారతీయ ఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడు. రాజా దీన్ దయాళ్ అనే పేరుతో ఎక్కువ ప్రసిద్ధి చెందాడు. హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పనిచేశాడు. దేవాలయాలు, కోటలు, రాజదర్బారులు, సైనిక విన్యాసాలు, వేట శిబిరాలు, కరువు బాధితులు ఆయన తీసిన చిత్రాలలో ముఖ్యమైన విషయాలు. నేడు క్రీడా ఛాయాచిత్రం అనగానే గెలిచినవాని సంతోషం, ఓడినవాని దుఃఖం ముఖంలో కనిపించే చిత్రాలు గుర్తుకు వస్తాయి. అటువంటి చిత్రాలు ఇంకా వాడుకలోకి రాని కాలంలో దక్కనులోని వేట, గుర్రపుస్వారీ వంటి వినోదాలు కెమెరా ముందు ఏ రూపంలో నిలిచాయో తెలుసుకోవడానికి దీన్ దయాళ్ చిత్రాలు విలువైన ఆధారాలు.

బాల్యం, విద్యాభ్యాసం

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించాడు. ఈ ఊరు ప్రస్తుతం ఉత్తర ప్రదేశ్ రాష్ట్రంలో ఉంది. వారిది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. ఆయన రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో దిగువ తరగతి ఇంజనీరింగ్ శిక్షణ పూర్తి చేశాడు. ఈ కళాశాలయే నేటి రూర్కీ ఐ.ఐ.టి. కట్టడాల కొలతలు, నక్షాలు, పరిప్రేక్ష్యం ఆ చదువులో ముఖ్య భాగాలు. తరువాతి కాలంలో ఆయన చిత్రాలలో కనిపించే సమతూకానికి, మనుషులను వరుసలుగా అమర్చే తీరుకు ఈ శిక్షణ పునాది అయింది.

ఇందౌరులో ఉద్యోగం

1866లోనే దీన్ దయాళ్ ఇందౌరులోని ప్రభుత్వ నిర్మాణ శాఖ కార్యాలయంలో ప్రధాన అంచనాదారుగా, నక్షాలు గీసే ఉద్యోగిగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు. ఇందౌరు మహారాజు రెండవ తుకోజీ రావు హోల్కర్ ఆయనకు తొలి పోషకుడు. ఆ మహారాజు ద్వారా మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీతో పరిచయం కలిగింది. వీరిద్దరి ప్రోత్సాహంతో ఇందౌరులో స్టూడియో స్థాపించాడు. 1875-76లో వేల్స్ యువరాజు భారత పర్యటన సందర్భంగా కూడా చిత్రాలు తీశాడు.

1880ల తొలి సంవత్సరాలలో, డేలీ తరువాత వచ్చిన అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా పర్యటించాడు. గ్వాలియర్, ఖజురాహో, సాంచి మొదలైన చోట్ల పురాతన కట్టడాలను చిత్రించాడు. ఈ చిత్రాలు గ్రిఫిన్ రచనతో కలిసి 1886లో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల గురించిన గ్రంథంగా వెలువడ్డాయి. ఈ పర్యటన తరువాత ఆయన ప్రభుత్వోద్యోగం విడిచి, ఫోటోగ్రఫీనే పూర్తికాల వృత్తిగా స్వీకరించాడు.

తడి పలకలు, పొడి పలకలు

దీన్ దయాళ్ వృత్తి జీవితం ఫోటోగ్రఫీలో ఒక పెద్ద మార్పు జరిగిన కాలంలో సాగింది. ఆయన ఈ విద్య నేర్చిన రోజులలో తడి కొలోడియన్ పద్ధతి వాడుకలో ఉండేది. గాజు పలకపై కొలోడియన్ ద్రవాన్ని పోసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీయాలి. వెంటనే చీకటి గుడారంలోకి తీసుకువెళ్లి చిత్రాన్ని వెలికి తేవాలి. మధ్య భారతపు ఎండలకు పలక త్వరగా ఆరిపోయేది. చిత్రం పడడానికి సాధారణంగా కొన్ని సెకన్లు పట్టేది. ఆ సమయంలో కదిలిన మనిషి మసకగా కనిపించేవాడు, పరుగెత్తే గుర్రం ఆనవాలే లేకుండా పోయేది. స్టూడియోలో కూర్చున్నవారి తల కదలకుండా వెనుక ఇనుప ఆధారం అమర్చడం ఆనాటి ఆచారం.

1871లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ లీచ్ మాడాక్స్ జెలటిన్ పూసిన పొడి పలకల పద్ధతిని ప్రతిపాదించాడు. 1870ల చివరి నాటికి ఈ పలకలు అంగళ్లలో దొరకసాగాయి. వీటిని ముందుగానే సిద్ధం చేసి ఉంచుకోవచ్చు, చిత్రం తీసిన తరువాత తీరికగా వెలికి తీయవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, మంచి వెలుతురులో సెకనులో చిన్న భాగం చాలు. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా అమర్చిన కెమెరాలతో దౌడు తీసే గుర్రాన్ని చిత్రించి, దాని నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వీడుతాయని చూపాడు. 1880లలో జర్మనీలో ఒట్టోమర్ అన్షుట్జ్ గెంతుతున్న గుర్రాలను స్పష్టంగా చిత్రించాడు. దీన్ దయాళ్ హైదరాబాదుకు వచ్చేనాటికి పొడి పలకలు భారతదేశంలోనూ ప్రచారంలోకి వచ్చాయి. సైనికుల కవాతులు, ఊరేగింపులు, వేట శిబిరాలు వంటి ఆరుబయటి విషయాలను విరివిగా చిత్రించడానికి ఈ మార్పు తోడ్పడింది.

అయినా ముఖంలోని భావాన్ని పట్టుకోవడానికి ఇది చాలలేదు. ఆనాటి పెద్ద కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, గురి కుదిర్చి, పలకను అమర్చి, ఆ తరువాత మూత తెరవాలి. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క పలక. మైదానం అంచు నుండి ఆటగాని ముఖాన్ని దగ్గరగా చూపే కటకాలు అప్పుడప్పుడే తయారవుతున్నాయి, అవి కూడా ఎక్కువ వెలుతురు కోరేవి. పైగా సాధారణ పలకలు నీలి కాంతికి మాత్రమే బాగా స్పందించేవి. ఎండకు కమిలిన ముఖాలు, తలపాగా నీడలోని కళ్లు అసలు ఉన్నదానికంటె నల్లగా పడేవి.

హైదరాబాదు ఆస్థానంలో

1880ల మధ్యలో దీన్ దయాళ్ హైదరాబాదుకు వచ్చి ఆరవ నిజాం ఆదరణ పొందాడు. 1885లో వైస్రాయి ఛాయాగ్రాహకుడిగా కూడా నియమితుడయ్యాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో ప్రారంభించాడు. నిజాం కొలువు, బ్రిటిష్ దండు రెండూ దగ్గరగా ఉండడం వలన ఈ స్టూడియోకు పని కొరత లేకుండా పోయింది. నవాబులు, సైనికాధికారులు, రెసిడెన్సీ అతిథులు, వర్తకులు అక్కడికి వచ్చేవారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటయింది. దీని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1896లో బొంబాయిలో మరొక పెద్ద స్టూడియో వెలసింది.

1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రదానం చేశాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు అని అర్థం. అప్పటివరకు లాలా దీన్ దయాళ్ అయిన ఆయన అప్పటినుండి రాజా దీన్ దయాళ్ అయ్యాడు. నిజాం స్వయంగా ఆయన ప్రతిభను మెచ్చుకుంటూ ఉర్దూలో ఒక ద్విపద కూడా చెప్పాడు.

వేట, క్రీడా చిత్రాలు

మహబూబ్ అలీ ఖాన్ గుర్రపుస్వారీలోను, తుపాకీ గురిలోను ఆసక్తి గలవాడు. పులి వేటలో పేరు పొందాడు. మౌలాలీలో జరిగే గుర్రపు పందేలను ఆయన కాలంలోనే 1886లో మలక్‌పేటకు మార్చారు. ఆయన నివాసాలలో ఒకటైన మహబూబ్ మాన్షన్ కూడా మలక్‌పేటలోనే ఉంది. నేటి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లకు దారితీసే ఈ తూర్పు దిక్కున ఆ రోజులలో పందెపు మైదానం, తోటలు, వాటికి ఆవల చిట్టడవులు ఉండేవి. సికింద్రాబాదు దండులో పోలో మొదలైన గుర్రపు క్రీడలు సాగేవి. వీటితో సంబంధం ఉన్న ప్రముఖులంతా దీన్ దయాళ్ స్టూడియోకు ఖాతాదారులే.

అయితే ఆయన సంస్థ తీసిన ఈ రకం చిత్రాలలో ఎక్కువ భాగం ఆట జరిగే క్షణానివి కావు. అవి ఆటకు ముందువో తరువాతివో. వేటకు బయలుదేరే ఏనుగులు, శిబిరంలోని గుడారాలు, తుపాకులు పట్టుకుని వరుసగా కూర్చున్న అతిథులు, నేలపై పడుకోబెట్టిన పులులు వీటిలో కనిపిస్తాయి. హోదా ప్రకారం పెద్దలు మధ్యలో కుర్చీలలో, తక్కినవారు పక్కల, పరిచారకులు వెనుక నిలబడతారు. ముఖాలలో నవ్వు గాని, ఆయాసం గాని, భయం గాని కనిపించదు. గెలుపును తెలిపేది ముఖం కాదు. చేతిలోని తుపాకీ, కాలి దగ్గరి మృగం, కూర్చున్న స్థానం ఆ పని చేస్తాయి.

దీనికి కారణం పరికరాల లోపం ఒక్కటే కాదు. చిత్రాన్ని కొనేది ఎవరన్నది కూడా ముఖ్యమే. ఛాయాచిత్రాన్ని నేరుగా వార్తాపత్రికలో అచ్చు వేసే పద్ధతి ఆ కాలంలో మన దేశంలో ఇంకా వ్యాప్తిలోకి రాలేదు. చిత్రంలో ఉన్నవారే దాన్ని కొనేవారు. తోలు అట్టలు వేసిన ఆల్బములలో అతికించి బంధుమిత్రులకు కానుకగా ఇచ్చుకునేవారు. ఆటలో అలసి, ఓడి, కుంగిపోయిన తన ముఖాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాడు ఉండడు. ఎవరిదో ముఖంలోని ఆనందాన్ని, దుఃఖాన్ని చూడగోరే మూడో మనిషి, అనగా పత్రికా పాఠకుడు, వచ్చాకే ఆటగాని ఉద్వేగం ఛాయాగ్రాహకునికి విలువైన వస్తువు అయింది.

ఈ చిత్రాలలో పేర్లు లేనివారు కూడా ఎందరో ఉన్నారు. పులి వేట ఒక్కరు చేసే పని కాదు. డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ పొదల నుండి మృగాన్ని తరిమే పల్లెజనం, మావటివారు, మంచెలు కట్టేవారు లేనిదే వేట లేదు. అపాయం ఎక్కువగా ఎదుర్కొనేదీ వారే. చిత్రం కింద రాసే పేర్లలో మాత్రం వారికి చోటు ఉండేది కాదు.

1902 నాటి పులి వేట చిత్రం

దీన్ దయాళ్ సంస్థ తీసిన వేట చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది వైస్రాయి లార్డ్ కర్జన్, ఆయన భార్య మేరీ కర్జన్ చంపిన పులి వద్ద నిలిచిన చిత్రం. 1902లో నిజాం రాజ్యంలో పర్యటించిన సందర్భంగా కర్జన్ దంపతులు వరంగల్ ప్రాంతపు అడవులలో వేటకు వెళ్లారు. చిత్రంలో ఇద్దరి ముఖాలూ గంభీరంగా, నిశ్చలంగా ఉంటాయి.

ఈ వేట ఒక రాజకీయ ఘటనకు అతి దగ్గరలో జరిగింది. 1902 మార్చి 30న కర్జన్ హైదరాబాదులో నిజాంతో ఏకాంతంగా సమావేశమై బేరారు విషయం మాట్లాడాడు. ఫలితంగా ఆ ఏడాదిలోనే బేరారు జిల్లాలను సంవత్సరానికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా బ్రిటిష్ ప్రభుత్వానికి ఇచ్చే ఒప్పందం కుదిరింది. బేరారును తిరిగి పొందాలన్న హైదరాబాదు కొలువు చిరకాల ఆశ దీనితో భంగపడింది. ఆతిథ్యం ఇచ్చిన రాజ్యపు నష్టం గాని, అతిథి రాజకీయ విజయం గాని ఆ చిత్రంలో ఎక్కడా కనిపించదు. పులి, తుపాకీ, నిశ్చలమైన ముఖాలు మాత్రమే కనిపిస్తాయి. ఆనాటి వేట చిత్రం ఏమి చూపుతుందో, ఏమి దాస్తుందో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

కరువు చిత్రాలు

1899-1900లో పశ్చిమ, మధ్య భారతాలలోను, దక్కనులోను తీవ్రమైన కరువు వచ్చింది. నిజాం రాజ్యంలో భాగమైన ఔరంగాబాదు ప్రాంతం బాగా దెబ్బతిన్నది. ఆ కాలంలో దీన్ దయాళ్ సంస్థ అక్కడి కరువు బాధితులను చిత్రించింది. ఎముకల గూళ్లవలె మిగిలిన పెద్దలు, పిల్లలు ఈ చిత్రాలలో నేరుగా కెమెరా వైపు చూస్తూ ఉంటారు.

వేట చిత్రాలను, కరువు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. కెమెరా అదే, పలకలు అవే. ఒక చోట ముఖంలో ఏ భావమూ బయటపడకుండా అమర్చుకునే అధికారం ఎదుటివారికి ఉంది. మరొక చోట ఆ అధికారం లేదు. కరువు బాధితులు చిత్రాన్ని కోరినవారు కారు, కొనేవారు కారు. వారి బాధను దాచవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు. ఆ కాలపు పరికరాలతో కూడా మనిషి బాధ పలకపైకి రాగలదని ఈ చిత్రాలు రుజువు చేస్తున్నాయి.

గౌరవాలు

1893లో అమెరికాలోని చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దీన్ దయాళ్ చిత్రాలు ప్రదర్శితమయ్యాయి. 1897లో విక్టోరియా మహారాణి ఆయనను తన ఛాయాగ్రాహకుడిగా నియమించింది. 1903 ఢిల్లీ దర్బారును కూడా ఆయన సంస్థ చిత్రించింది.

కుటుంబం, చివరి రోజులు

దీన్ దయాళ్ కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ తండ్రి వృత్తినే చేపట్టారు. సంస్థ పేరు రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్. అందువలన 1890ల తరువాత ఈ పేరుతో వచ్చిన చిత్రాలన్నీ ఆయన స్వయంగా తీసినవి కావు. కుమారులు, స్టూడియో ఉద్యోగులు తీసినవి కూడా వాటిలో ఉన్నాయి. 1904లో ధరమ్ చంద్ మరణించాడు. మరుసటి ఏడాది 1905 జూలై 5న దీన్ దయాళ్ బొంబాయిలో మరణించాడు. 1905-06లో వేల్స్ యువరాజు దంపతుల పర్యటనను ఆయన సంస్థ చిత్రించింది. 1911లో పోషకుడైన మహబూబ్ అలీ ఖాన్ కూడా కాలధర్మం చెందాడు.

ఆ తరువాతి క్రీడా ఛాయాగ్రహణం

దీన్ దయాళ్ జీవించి ఉండగానే 1896లో ఏథెన్సులో తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిగాయి. వాటిని జర్మన్ ఛాయాగ్రాహకుడు ఆల్బర్ట్ మేయర్ చిత్రించాడు. నూరు మీటర్ల పరుగు మొదలయ్యే చోట పరుగువీరులు నిలిచిన ఆయన చిత్రం నేటికీ ప్రసిద్ధం. అందులో ఒక్కొక్కరి భంగిమ స్పష్టంగా తెలుస్తుంది గాని ముఖభావాలు చిన్నవిగా మిగిలిపోయాయి. దీన్ దయాళ్ మరణించిన మూడేళ్లకు, 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్ పరుగులో ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి సొమ్మసిల్లి పలుమార్లు పడిపోయాడు. ఇతరుల సాయంతో గమ్యం చేరినందున అనర్హుడయ్యాడు. అధికారులు పక్కన ఉండగా తూలుతూ గీత దాటుతున్న అతని చిత్రం దేశదేశాల పత్రికలకు చేరింది. ఆ పరుగులో స్వర్ణ పతకం అమెరికాకు చెందిన జానీ హేస్‌ది, కాని ఎక్కువమందికి గుర్తుండిపోయినది పియెట్రి చిత్రమే.

1925లో లైకా చిన్న కెమెరా మార్కెట్లోకి వచ్చింది. ఒక్క ఫిల్ము చుట్టతో వరుసగా అనేక చిత్రాలు తీయడం సాధ్యమైంది. దూరపు ముఖాన్ని దగ్గరగా చూపే కటకాలు కూడా మెరుగుపడ్డాయి. హైదరాబాదులో ఫుట్‌బాల్ ప్రాభవం వెలిగిన 1950లు, 1960ల నాటికి పత్రికా ఛాయాగ్రాహకులు మైదానాలలో సాధారణమైపోయారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొంది, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. ఆ తరం ఆటగాళ్లను ప్రజలు తెలుసుకున్నది ఎక్కువగా పత్రికల ఫోటోల ద్వారానే. నిజాం కాలపు వేటగానివలె వారు తమ చిత్రాన్ని తాము అమర్చుకోలేదు.

వారసత్వం

దీన్ దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకల నెగటివులను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం కొనుగోలు చేసి భద్రపరచింది. 2006లో హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియంలో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. అదే ఏడాది నవంబరులో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన కాలపు వేట సంస్కృతికి సంబంధించిన ఒక ప్రదేశం నేటికీ హైదరాబాదు తూర్పు భాగంలో మిగిలి ఉంది. ఎల్.బి.నగర్ దాటిన తరువాత విజయవాడ రహదారి పక్కన, మన్సూరాబాద్, హయత్‌నగర్‌లకు చేరువలో వనస్థలిపురం వద్ద నిజాములకు వేట మైదానం ఉండేది. వర్ధమాన మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దీనికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఇక్కడ కృష్ణజింకలను సంరక్షిస్తున్నారు. జైన కుటుంబంలో జన్మించి, వృత్తిరీత్యా వేట చిత్రాలు తీసిన ఛాయాగ్రాహకుడు పనిచేసిన నగరంలోనే ఒకనాటి వేట మైదానానికి అహింసను బోధించిన జైన తీర్థంకరుని పేరు వచ్చింది.

పెద్ద గాజు పలకలకు సూక్ష్మ వివరాలను పట్టి ఉంచే గుణం ఉంది. ఆనాడు ఆల్బములో వేలెడంత కనిపించిన ముఖాన్ని నేడు కంప్యూటరుపై ఎన్నో రెట్లు పెద్దది చేసి చూడవచ్చు. ముందు వరుసలోని ప్రముఖులు ఎంత నిశ్చలంగా ఉన్నా, వెనుక వరుసలలో నిలిచిన మావటివారు, సేవకులు, పల్లెజనం అంత జాగ్రత్తగా అమర్చబడినవారు కారు. కెమెరాను గమనించనివాడు, కదిలినందువలన ముఖం చెదిరినవాడు, పక్కకు తిరిగి చూస్తున్నవాడు వారిలో కనిపించవచ్చు. చరిత్ర విద్యార్థులు ఈ చిత్రాలను చూసేటప్పుడు మధ్యలోని కుర్చీలతో పాటు అంచులను కూడా పరిశీలించడం అవసరం.